మిఠాయి డబ్బా మూత మీది నగరం

ఆ ఆదివారం మిర్యాలగూడలో మా మేనమామ ఇంటి హాల్లో ఉన్నవాళ్లు: అమ్మ, నాన్న, మామ, అత్త, కోదాడ నుంచి వచ్చిన అమ్మాయి, ఆమె అమ్మానాన్నలు, ఆమె నాయనమ్మ, నేను. ఉన్న వస్తువులు: ముగ్గురి కోసం చేసిన సోఫా ఒకటి, దాని మీద నలుగురు, ప్లాస్టిక్ కుర్చీలు ఐదు, వాటిలో ఒకదానికి కాలు చీలితే తీగతో కట్టిన కట్టు, కూలర్లు రెండు, తిరిగేది ఒకటి, పళ్లెంలో అరటిపండ్లు, మిఠాయి డబ్బాలు రెండు. కట్టు కట్టిన కుర్చీ నాకు వచ్చింది. పెళ్లికొడుకును కదలకుండా కూర్చోబెట్టడానికి అంతకు మించిన ఏర్పాటు లేదు.

పెళ్లిచూపులకు అబ్బాయివాళ్లే అమ్మాయి ఇంటికి వెళ్లాలి. కానీ మా అత్త కోదాడ వాళ్లకు దూరపు చుట్టం, మా మామ ఏ పనైనా తన ఇంట్లోనే జరగాలనుకునే మనిషి. "సూర్యాపేటోళ్లు కోదాడ పోవుడెందుకు, కోదాడోళ్లు సూర్యాపేట వచ్చుడెందుకు, ఇద్దరికీ నడుమ నేను లేనా?" అన్నాడు. మ్యాపులో చూస్తే మూడు ఊళ్లూ ఒక త్రిభుజం. మిర్యాలగూడ ఆ త్రిభుజానికి ఒక కొన తప్ప నడుమ కాదు. ఆ మాట అనబోతే అమ్మ నా కాలు తొక్కింది.

అమ్మ అప్పటికే కారులో ఒకసారి హెచ్చరించింది. "నాలాల ముచ్చట తియ్యకు బిడ్డా, నీకు దండం పెడ్త." నాలాలంటే మా దిక్కు మురుగు కాలవలు. కారణం ఉంది. నేను సివిల్ ఇంజనీరును, సూర్యాపేటలో ఒక కాంట్రాక్టరు దగ్గర ఎస్టిమేట్లు వేస్తాను. అంతకు ముందు సంబంధంలో అమ్మాయి తండ్రి కొత్తగా కట్టిన ఇల్లు చూపిస్తుంటే, వాడిన నీళ్లు ఎటు పోతున్నాయని అడిగాను. అవి పక్కింటి గోడ కిందికి పోతున్నాయి. ఆ పక్కింటాయన కూడా అక్కడే కూర్చొని బొబ్బట్టు తింటున్నాడు. సంబంధం అక్కడితో ఖతం.

ఈ సంబంధం మాత్రం నాకు కావాలి. ఫొటో చూసి కాదు. పెళ్లి బయోడేటాలో ఎత్తు దగ్గర అందరూ అడుగులు, అంగుళాలు రాస్తారు. ఆమె సెంటీమీటర్లలో రాసింది.

తెగితే ఒక్క ప్రశ్న దగ్గరే తెగుతుందని హాల్లో అందరికీ తెలుసు. కాపురం ఎక్కడ? మాది సూర్యాపేటలో ధాన్యం అడితి దుకాణం. దాని మీది అంతస్తు నా కోసమే వేయించానని నాన్న ఊరంతా చెప్పాడు. ఆమె ఆర్కిటెక్టు. కోదాడలో ఒక టైలరు షాపు పైన గది తీసుకొని, బోర్డు పెట్టుకొని, మూడేళ్లుగా ఇళ్ల ప్లాన్లు గీస్తోంది. ఆ బోర్డు దింపేది లేదని ఆమె వాళ్ల నాన్నతో చెప్పింది, ఆయన మా అత్తతో చెప్పాడు, అత్త మామతో చెప్పింది, మామ మాకు చెప్పలేదు, అమ్మ ఎట్లాగో తెలుసుకుంది. ఇంతమందికి తెలిసిన విషయం కాబట్టి ఎవరూ ఎత్తలేదు. ఎత్తినవాళ్ల మీదే తప్పు పడుతుంది. అందుకని ఎండల గురించి, వడ్ల రేటు గురించి, హైవే మీద కొత్తగా వచ్చిన టిఫిన్ హోటళ్ల గురించి మాట్లాడుకున్నారు.

ఉప్మా అయ్యాక మామ గొంతు సవరించుకున్నాడు. "పిల్లలు జర మాట్లాడుకుంటరేమో."

ఆ మాట అన్నాక పిల్లలను పంపడానికి చోటు చూడాలి. బెడ్రూంలో వడ్ల శాంపిళ్ల సంచులు ఉన్నాయి. వెనక గదిలో ఇన్వర్టరు ఉంది. మిగిలింది డాబా. మార్చి నెల, పొద్దు పదకొండు దాటింది. అత్త ఒక మిఠాయి డబ్బా చేతికిచ్చి పైకి పంపింది.

డాబా మీద నిప్పు. చుట్టూ మిల్లుల పొగగొట్టాలు, ఉప్పుడు బియ్యం ఉడికే వాసన, పిట్టగోడ మీద పౌడరు చల్లినట్టు ఊక బూడిద. నీడ ఒక్కచోటే ఉంది, నీళ్ల ట్యాంకు పక్కన, రెండడుగుల వెడల్పు. ఇద్దరం అందులో నిలబడితే మర్యాదకు మరీ దగ్గర. ఒకరు ఎండలో నిలబడితే మర్యాద బాగుంటుంది, మనిషి బాగుండడు. గోడకు వీపు ఆనించి, మధ్యలో మిఠాయి డబ్బా పెట్టుకొని నిలబడ్డాం. డబ్బా మాకు సరిహద్దు రాయి.

ఏదో ఒకటి మాట్లాడాలి. వంట, జీతం, ఇష్టమైన రంగు. నా నోట్లోంచి వచ్చింది ఇది: "ట్యాంకు వాస్తు ప్రకారం నైరుతిలో పెట్టారు. ఈ టైముకు నీడలో సగం గోడ దాటి పక్కింటివాళ్ల డాబా మీద పడుతోంది."

అన్నాక అమ్మ గుర్తొచ్చింది. కానీ ఆమె మెడ సాచి పక్క డాబా చూసింది. అక్కడ మా మామ నీడలో పక్కింటి కుక్క హాయిగా పడుకొని ఉంది.

"మీరైతే ఎక్కడ పెట్టేవాళ్లు?"

"ఆగ్నేయంలో."

"ఆగ్నేయంలో నీళ్లా! మీ మామయ్యగారి గుండె ఆగిపోతుందండీ."

"నీడ మాత్రం వస్తుంది."

"ఆయన్ని పడుకోబెట్టడానికి పనికొస్తుందిలెండి," అంది. తర్వాత, "ఒక్క ఇల్లు సరిచేస్తే ఏం లాభం చెప్పండి? ఊరు ఊరంతా ఇట్లాగే ఉంటే. కడితే ఊరే కట్టాలి," అని డబ్బా మూత తీసి తిరగేసింది. లోపలి వైపు తెల్లటి అట్ట, నడుమ రూపాయి బిళ్లంత నెయ్యి మరక. "పెన్నుందా?"

ఇచ్చాను. నలుపొకటి, ఎరుపొకటి.

"స్కేలు?"

అదీ ఇచ్చాను.

"పెళ్లిచూపులకు స్కేలు తెచ్చారా?"

"అలవాటు. జేబులో ఉంటుంది."

ఆమె హ్యాండ్‌బ్యాగు తెరిచి, అడుగున ఉన్న కొలత టేపు చూపించి, మళ్లీ మూసింది. అప్పుడు నాకు ఎండ తెలియడం మానేసింది.

మొదట స్థలం. మూడు ఊళ్లనూ మూడు చుక్కలుగా పెట్టాను. పైన ఎడమకు సూర్యాపేట, కుడికి కోదాడ, కింద ఎడమకు మిర్యాలగూడ. మధ్య బిందువు ఎక్కడ పడుతుందని అడిగింది. పెన్‌పహాడ్ దాటాక ఎవరిదో వరి మడిలో అన్నాను. "కోతలయ్యాక మొదలుపెడదాం, పాపం," అంది.

తర్వాత రోడ్లు. మా మూడు ఊళ్లకూ ఒకటే జబ్బు. పెద్ద రోడ్డే ఊరు. బస్టాండు, మార్కెట్టు, కాలేజీ, ఫంక్షన్ హాలు అన్నీ దానికే అతుక్కొని ఉంటాయి. పెరుగు ప్యాకెట్టుకు పోయినా లారీకి అడ్డం పోవాల్సిందే. కాబట్టి మా నగరంలో హైవే లోపలికి రాదు. ఊరి అంచు దాకా వచ్చి, గుమ్మం ముందు చెప్పులు విడిచినట్టు అక్కడ ఆగుతుంది. ఏ ఊరి దారి ఎటో అంచుల మీద బాణాలు వేశాం. లోపల అరవై అడుగుల రోడ్లు నాలుగు, మిగతావన్నీ ఇరవై. నేను వాలు లెక్క వేసి డ్రైన్లు ఎర్ర సిరాతో గీశాను. ఆపుకోలేకపోయాను. ఆమె ఎర్ర బాణం గుర్తు పట్టుకొని చివరి దాకా వేలితో పోయి, "ఎవరి గోడ కిందికీ పోవడం లేదు కదా?" అంది. మా అత్త చెప్పాల్సినదానికంటే ఎక్కువే చెప్పిందని అర్థమైంది.

వాతావరణం దగ్గర గొడవ వచ్చింది. నేను ఎండాకాలాన్ని నలభై రోజులకు తగ్గించాను. ఆమె ఒప్పుకోలేదు.

"అది చీటింగండీ. ఎండ ఉన్నదున్నట్టే ఉండాలి. నీడ ఒక్కటే మన చేతిలో ఉంది."

అయితే సందులు ఇరుకుగా, గోడలు ఎత్తుగా ఉంచుదామంది. అది కుదరదని నేను చెప్పాను. మే రెండో వారంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు మనకు సరిగ్గా నెత్తి మీద ఉంటాడు, గోడ ఎంత ఎత్తు కట్టినా అడుగు నీడ పడదు, కప్పు వేయాల్సిందే. ఆమె నెత్తి మీదికి ఒకసారి చూసి, ప్రతి వీధికీ రెండు పక్కలా ఎనిమిదడుగుల వసారా గీసింది. దుకాణమైనా ఇల్లయినా ముందు వసారా లేకుండా కడితే కరెంటు కనెక్షన్ ఇవ్వరు. వసారాలో సామాను పెడితే ఆ సామాను ఊరిది. ఎవరింటి నుంచి బయలుదేరినా, ఎండ తగలకుండా బస్టాండుకు చేరాలి. ఇంత కష్టపడ్డందుకు నాకు ఒక్క కోరిక ఇచ్చింది. వారానికి ఒక వాన. మంగళవారం సాయంత్రం, బట్టలు తీసుకున్నాక.

గాలి ఎటు వీస్తుందో చూసి మిల్లులన్నీ తూర్పు అంచుకు తోశాను. వేసవి గాలి పడమటి నుంచి వస్తుంది, బూడిద ఊరి మీద పడదు.

"మరి ఎక్కడ పడుతుంది?"

"అవతల."

"అవతల కోదాడ ఉందండీ."

మిల్లులను మిర్యాలగూడ వైపే వదిలేశాం. వాళ్లకు అలవాటే.

ఇళ్ల సంగతి ఆమె శాఖ. రోజూ వచ్చే గిరాకీల మీద ఉన్న కసి అంతా తీర్చుకుంది. పైన ఏమీ మోయని స్తంభాలు నిషేధం. అద్దాల ముఖాలు నిషేధం. గేటు మీద సింహాలకు ఊళ్లో ప్రవేశం లేదు. "నా దగ్గరికి వచ్చేవాళ్లందరూ ఒకటే అడుగుతారు. పక్కింటి లాంటిదే కావాలి, దానికంటే ఒక్క అడుగు ఎత్తు ఉండాలి." అందుకని ఈ ఊళ్లో పక్కింటి కంటే ఎత్తు కడితే, ఎక్కువైన అడుగును పక్కింటివాళ్లే వాడుకుంటారు. ఒడియాలు ఆరబెట్టుకుంటారు.

ప్రజాసేవలు ఇద్దరం కలిసి రాశాం. నల్లా నీళ్లు మనుషులు ఇంట్లో ఉన్నప్పుడు వస్తాయి. చెత్త బండి రోజుకో పాట పాడుతుంది, ఒకటే పాట ఏడాదంతా వేస్తే డ్రైవరే రోడ్లు ఊడ్వాలి. దవాఖానలో పేషంటు పక్కన పడుకునేవాళ్లకు కూడా మంచం ఉంటుంది. బస్టాండులో మరుగుదొడ్లకు గొళ్లెం ఉంటుంది, లోపలి వైపు. తిరిగిరాని స్టీలు గిన్నెల శాఖ ఒకటి: పేరు కొట్టించిన గిన్నెలో కూర పంపితే, వారంలోగా ఆ గిన్నె ఇల్లు చేరాలి, లేకపోతే జీపు వస్తుంది. చివరిగా మున్సిపల్ పెళ్లిచూపుల భవనం. డాబాకు కప్పు, రెండు కుర్చీలు, అత్తలు ఎక్కలేనంత నిటారు మెట్లు.

అన్నీ అయ్యాక పెన్ను గాల్లో పట్టుకొని అడిగింది. "మరి ఇల్లు ఎక్కడ?"

ఎవరి ఇల్లో చెప్పలేదు. నేనూ అడగలేదు. సూర్యాపేట బాణం వైపు చూశాను, ఆమె కోదాడ బాణం వైపు చూసింది. మూడేళ్ల బోర్డు, నాన్న వేయించిన అంతస్తు, రెండూ ఆ అట్ట మీద కనబడకుండా ఉన్నాయి. ఏదో చెప్పబోతున్నాను. మెట్లు నిటారుగా లేవు కాబట్టి అత్త వచ్చేసింది.

"అయ్యో, మూత తీసి పెట్టిన్రా! కాకి మూతి పెడ్తది," అని, మూత డబ్బాకు బిగించి, డబ్బా చంకన పెట్టుకొని దిగిపోయింది. మేము ఒకరి వెనక ఒకరం పెళ్లిచూపులకు తగినంత దూరం పాటించి దిగేసరికి ఐదు నిమిషాలు పట్టింది.

ఆ ఐదు నిమిషాల్లో జరిగింది అమ్మ తర్వాత చెప్పింది. అత్త డబ్బా తెరిచి పంచింది. మూత తిరగబడి టీపాయ్ మీద పడింది. ఆమె నాన్న కోదాడలో హోల్‌సేల్ కిరాణా వ్యాపారి. కలాకండ్ నోట్లో పెట్టుకోబోతూ ఆగాడు. ఉత్తరం గుర్తు, నంబర్లు వేసిన బిట్లు, అరవై అడుగుల రోడ్లు, పార్కు అని రాసిన నెయ్యి మరక. మా దిక్కు ఇవన్నీ కలిపి చూసిన మనిషికి ఒకటే అర్థం వస్తుంది.

"ఏవండీ, అబ్బాయి వెంచర్ వేస్తున్నాడా?"

నాన్నకు ఏమీ తెలియదు. కానీ కొడుకు ఏం చేస్తున్నాడో తెలియదని కాబోయే వియ్యంకుడి ముందు ఒప్పుకునే వ్యాపారి సూర్యాపేట మార్కెట్టులో లేడు. మూత వైపు ఒకసారి చూసి, "ఆ... నడుస్తున్నది," అన్నాడు.

బావకు తెలిసింది తనకు తెలియకపోతే మామకు నామోషీ. "నాకు ముందుగాలే చెప్పిండు అల్లుడు. పెన్‌పహాడ్ దిక్కు."

ఇద్దరికీ తెలిసింది తనకు కొత్తగా తెలియడం ఆమె నాన్నకు నచ్చలేదు. "నేనూ విన్నానండీ. మా ఫ్రెండు ఒకాయన అన్నాడు, ఆ సైడు ఏదో పడుతుందని."

మేము హాల్లోకి వచ్చేసరికి ముగ్గురూ మూత మీదికి వంగి ఉన్నారు. నాన్న వేలు తొమ్మిదో నంబరు బిట్టు మీద ఉంది.

"నాన్నా, అది..." అన్నాను.

"నువ్వు ఊకో. బేరం నడుస్తున్నది."

ఆమె వైపు చూశాను. ఆపుతుందనుకున్నాను. ఆమె చున్నీ సర్దుకొని నాయనమ్మ పక్కన బుద్ధిగా కూర్చుంది. వాళ్ల నాన్న అడిగాడు, "పర్మిషన్లు వచ్చాయామ్మా?"

"ఇంకా రాలేదు నాన్నా."

"బుకింగులు?"

"ఒక్కటీ కాలేదు."

ఒక్క అబద్ధమూ ఆడలేదు. ఇంకా బుకింగులు మొదలుకాలేదంటే ముగ్గురి కళ్లూ మెరిశాయి.

"అయితే ఈశాన్యం కార్నర్ బిట్టు మాకు పెట్టండి," అన్నాడు వాళ్ల నాన్న. "అమ్మాయీ అల్లుడూ అక్కడ ఉంటారు. కోదాడ రోడ్డుకు దగ్గర."

ఇంతసేపూ ఎవరూ ఎత్తని ప్రశ్న ఇట్లా వచ్చి టీపాయ్ మీద కూర్చుంది. అమ్మ నా వైపు చూసింది. నేను కట్టు కుర్చీలో కదిలాను, తీగ కిర్రుమంది.

"గట్లెట్ల?" అన్నాడు నాన్న. "ఇల్లు మా తొవ్వకుండాలె. గీ తొమ్మిదో నంబరు. పిల్లగాడు పొద్దున లేస్తే దుకాణం చూసుకోవాలె గద."

"పిల్లగాడు ఎస్టిమేట్లు వేసుకుంటాడు, దుకాణం ఎందుకు చూస్తాడండీ? మా అమ్మాయి ఆఫీసుకు పోవాలి."

"ఆఫీసు సూర్యాపేటల పెట్టుకుంటది. ఇండ్లు కట్టుకునేటోళ్లు గాడ లేరా?"

"అన్నన్నా, మూడేళ్లు పట్టింది ఆ బోర్డు కనబడటానికి!"

"మిల్లులు నా దిక్కున్నయ్, ఇల్లు గీడ పెట్టుండ్రి," అన్నాడు మామ. ఎవరూ వినలేదు.

నాయనమ్మ అప్పటిదాకా కళ్లు మూసుకొని ఉంది. నిద్రపోతోందనుకున్నాం. "ఆ ఊళ్లో నీళ్లు ఎన్నాళ్లకోసారి వస్తాయి?" అని నన్ను అడిగింది.

"రోజూ వస్తాయమ్మా."

"అబద్ధం," అని మళ్లీ కళ్లు మూసుకుంది. మూసుకునే చెప్పింది: "ఇటు నీకొద్దు, అటు ఆయనకొద్దు. మధ్యలో పెట్టండి. ఇద్దరికీ సమానంగా దూరం."

"మధ్యలో పార్కు ఉందమ్మా," అన్నాడు కొడుకు.

"అది నెయ్యి మరక రా."

నాన్న కళ్లద్దాలు పైకి జరిపి మరకను చూశాడు. ఆమె నాన్న స్కేలు అడిగాడు. నేను ఇచ్చాను. కోదాడ బాణం నుంచి, సూర్యాపేట బాణం నుంచి కొలిచారు. ఇద్దరు వ్యాపారులు ఒక మరకను కొలుస్తుంటే, తూకంలో రాయి తేడా వస్తుందేమోనన్నంత శ్రద్ధ. సమానంగానే వచ్చింది.

తర్వాత బేరం వేగంగా సాగింది. ఇల్లు మధ్యలో. ఆమె ఆఫీసు ఆమెదే, బోర్డు దించేది లేదు. నా పని నాది. దుకాణం పైన అంతస్తు కిరాయికి ఇచ్చుకోవచ్చు. పండక్కి ఒక ఏడు ఇటు, ఒక ఏడు అటు. మామ తన సంగతేమిటని అడిగితే, ఉగాది పచ్చడికి పిలుస్తామన్నారు. నాన్న చెయ్యి చాపాడు. ఆమె నాన్న ఆ చేతి మీద చెయ్యి కొట్టాడు. "ఖాయం," అన్నాడు నాన్న. "ఖాయం," అన్నాడు ఆయన.

ఇద్దరి ముఖాల్లోనూ ఎవరి బిట్టూ ఎవరికీ పోలేదన్న తృప్తి. నేను ఆమెను చూశాను. మొదటిసారి ఆమె ముఖంలో కొంటెతనం లేదు. భయపడుతోంది. దొరికింది ఇప్పుడు పోతుందని ఇద్దరికీ అర్థమైంది. పోవడానికి ఎక్కువసేపు పట్టలేదు. మామ ఫోను తీసి స్పీకరు పెట్టాడు.

"తమ్మీ, పెన్‌పహాడ్ దిక్కు మా అల్లుడి వెంచర్ సర్వే నంబరు ఎంత?"

అవతల భూముల బ్రోకరు. "గీ దిక్కు ఎసుంటి వెంచర్ లేదన్నా. అంతా వరే. ఎవరు చెప్పిన్రు?" అని, కాసేపు ఆలోచించి, గొంతు తగ్గించాడు. "నిజంగ పడ్తున్నదా? జర నాకు ముందుగాల చెప్పు. ఓ రెండెకరాలు చూస్త."

మామ ఫోను కట్టేశాడు.

చిత్రమేమిటంటే ఎవరూ కోప్పడలేకపోయారు. నాన్న 'నడుస్తున్నది' అన్నాడు. మామకు 'ముందుగాలే' తెలుసు. ఆమె నాన్నకు ఫ్రెండు చెప్పాడు. ఎవరు నోరు తెరిచినా ముందు తమ మాటే అడ్డం వస్తుంది. చివరికి ఆమె నాన్న నా వైపు తిరిగాడు.

"బాబూ, ఊరు ఉందా లేదా?"

"లేదండీ."

"మరి ఇదేంటి?"

"మాట్లాడుకోమన్నారు కదండీ. అదే మాట్లాడుకున్నాం."

ఆయన మూతను చూశాడు, కూతుర్ని చూశాడు. లేచాడు. "లేని ఊళ్లో ఇల్లు పెట్టుకొని, దాన్ని నమ్మి నేను..." అని ఆపి, సోఫా కింద చెప్పుల కోసం కాలితో వెతకడం మొదలుపెట్టాడు. భార్య కూడా చెంగు సర్దుకుంది. అమ్మ ముఖం తెల్లబోయింది. నాలాల కంటే పెద్ద తప్పు కూడా ఉంటుందని ఆమెకు తట్టి ఉండదు.

"కూసో బావా," అన్నాడు నాన్న. ఆయన్ని బావా అనడం అదే మొదలు.

"ఎట్లా కూర్చోనండీ? ఊరే లేదు!"

"ఊరు లేకపాయె. మాట ఉన్నది గద."

ఇది చెప్పాలి. మార్కెట్టు యార్డులో పొద్దున రాశి మీద చెయ్యి వేసి ఖాయం అన్నాక, మధ్యాహ్నం రేటు పెరిగినా, పడిపోయినా, ఎత్తేలోగా వాన పడి వడ్లు తడిసినా బేరం బేరమే. సరుకు చూసి వెనక్కి తగ్గినవాడి రాశి ముందు మర్నాడు ఎవరూ ఆగరు. నాన్న జీవితంలో చదివిన చట్టం అదొక్కటే. దాన్ని లేని సరుకుకు వర్తింపజేయడం మాత్రం నేను అప్పుడే చూశాను.

"నువ్వు ఖాయమన్నవ్, నేను ఖాయమన్న," అన్నాడు నాన్న. "ఇల్లు నడుమ. పిల్ల ఆఫీసు పిల్లది. పైన అంతస్తు పోయిందని నా కడుపుల మంట లేదా? అయినా అన్న. మరకనే గావొచ్చు, కొలిచింది నువ్వే గద."

ఆమె నాన్నకు రెండో చెప్పు దొరికింది. కానీ ఆయనా వ్యాపారే. కోదాడ బజారులో కూడా చెయ్యి చెయ్యే. చెప్పు వేసుకోకుండా అక్కడే వదిలి, సోఫాలో మెల్లిగా కూర్చున్నాడు. "కొలత మాత్రం కరెక్టే," అన్నాడు, కొంచెం నిష్ఠూరంగా.

"నడుమ అంటే మిర్యాలగూడకు కూడా నడుమ గావాలె," అన్నాడు మామ. అప్పుడు కూడా ఎవరూ వినలేదు.

నాయనమ్మ కళ్లు తెరిచి మనవరాలి భుజం మీద తట్టింది. "నీకేమే? నచ్చాడా?"

ఆమె నన్ను చూడలేదు. మూతను చూసింది. "డ్రైన్లు బాగా గీశాడు నాయనమ్మా," అంది. అమ్మ రెండు చేతులూ పైకెత్తి ఎవరికో దండం పెట్టింది.

ఎండాకాలం పోయాక పెళ్లి జరిగింది. పెన్‌పహాడ్ వైపు ఎకరం రేటు ఆ ఏడు కొంచెం కదిలిందని మామ ఇప్పటికీ గర్వంగా చెబుతాడు. మేము సూర్యాపేటకూ కోదాడకూ మధ్యలో, హైవే పక్క ఊళ్లో కిరాయి ఇల్లు చూసుకున్నాం. మేమంటే ఆమె. నేను అప్పుడు ఒక వంతెన ఎస్టిమేటుతో పరేషాన్‌లో ఉన్నాను. ఇంటికి వసారా ఉంది, మూడడుగులే. నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి. నాయనమ్మ ఫోన్ చేసి అడిగితే ఈసారి నిజం చెప్పాను, మెచ్చుకుంది. వీధిలో పక్కింటికంటే ఎత్తు కట్టని ఇల్లు ఒక్కటీ లేదు. కోదాడలో బోర్డు అట్లాగే ఉంది. కొత్త గిరాకీ ఎవరైనా సింహాలు అడిగితే ఆమె సాయంత్రం వచ్చి నాకు చెబుతుంది, ఇద్దరం ఆ మనిషికి మా ఊళ్లో ప్లాటు లేదని తీర్మానిస్తాం.

నాన్న రెండుసార్లు వచ్చి వెళ్లాడు. రెండుసార్లూ బస్సెక్కగానే నిద్రపోయాడు, దిగేటప్పుడు లేచాడు. "సరిగ్గ నడుమ దొరికింది," అని అందరికీ చెబుతున్నాడు. ఆమె నాన్న మాత్రం ఆ మాట వచ్చినప్పుడల్లా టీ గ్లాసు వైపు చూస్తూ కూర్చుంటాడు. మాకు ఇల్లు చూపించింది ఆయన ఫ్రెండేనని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. అది తెలిసిన మర్నాడు బండి మీటరు సున్నాకు పెట్టి అటొకసారి, ఇటొకసారి పోయి వచ్చాను. మా ఇంటి నుంచి సూర్యాపేటలో మా దుకాణం ఇరవై నాలుగు కిలోమీటర్లు. కోదాడలో వాళ్ల ఇల్లు ఇరవై.